కావేరి గట్టున తెలుగు పాట ఎలా నిలిచింది?

త్యాగరాజు తిరువారూరులో పుట్టి తిరువైయారులో స్థిరపడ్డాడు. 1767 నుంచి 1847 దాకా ఎనభై ఏళ్ల ఆయన జీవితం కావేరి పారే తమిళ నేల మీదే గడిచింది. పాడింది మాత్రం, కొన్ని సంస్కృత కృతులు మినహా, అంతా తెలుగులోనే. ఆయన కాలంవాడే అయిన శ్యామశాస్త్రి తంజావూరులో బంగారు కామాక్షి అమ్మవారిని కొలిచిన అర్చకుడు. ఆయన కృతుల్లోనూ ఎక్కువ భాగం తెలుగే. వీళ్లకు ముందు క్షేత్రయ్య తన పదాలతో వచ్చి తంజావూరు కొలువులో పాడాడు. వీళ్ల తర్వాత కూడా ఆ సీమలో తెలుగులో వర్ణాలు, పదాలు, జావళీలు పుడుతూనే వచ్చాయి.

ఎందుకిలా జరిగిందని అడిగితే మనవాళ్లు సాధారణంగా చెప్పే జవాబు ఒకటుంది. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి పాటకు చక్కగా ఒదుగుతాయని. అది నిజమే. అయినా ఆ జవాబు నాకు చాలదు. ఎంత తీయనిదైనా ఒక భాష వేరే భాష మాట్లాడే ఊళ్లలో మూడు నాలుగు వందల ఏళ్లు పాటగా బతకాలంటే దానికి తిండి పెట్టేవాళ్లుండాలి. పాడడానికి చోటు, వాయించడానికి వాద్యం, నేర్పే గురువు, రాసిపెట్టే లేఖకుడు, వినే జనం ఉండాలి. ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవడానికి తంజావూరంత మంచి ఊరు ఇంకొకటి లేదు. ఎందుకంటే ఆ ఆనవాళ్లు అక్కడ గుడి గోడ మీద, మ్యూజియం గదిలో, గ్రంథాలయపు తాటాకులో, వడ్రంగి చేతిలోని పనస చెక్కలో ఇంకా కనిపిస్తున్నాయి. వాటిని విడివిడిగా చూస్తే ఒక్కోటీ సగం మాటే చెబుతుంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే చరిత్ర విప్పుకుంటుంది.

ముందుగా పెద్ద గుడి దగ్గర ఆగాలి. రాజరాజ చోళుడు కట్టించిన బృహదీశ్వరాలయం 1010లో పూర్తయింది. రెండు వందల అడుగులకు మించిన విమానం ఎత్తు చూసి, ఫొటో తీసుకుని తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. ఆ ఎత్తు కన్నా నన్ను పట్టి నిలిపేవి గోడల అడుగు భాగంలో చెక్కిన శాసనాలు. అందులో ఒక శాసనం గుడికి రప్పించిన నాలుగు వందల మంది నాట్యకత్తెల పేర్లు వరసగా చెబుతుంది. ఎవరు ఏ ఊరి గుడి నుంచి వచ్చారు, ఏ వీధిలో ఏ వరసలో ఎన్నో ఇల్లు ఇచ్చారు అన్నది కూడా అందులో ఉంది. ఒక్కొక్కరికి ఏటా నూరు కలాల వడ్లు వచ్చే వాటా కేటాయించారు. వాయిద్యగాళ్లకూ, పాడేవాళ్లకూ, ఇతర పనివాళ్లకూ అలాగే వాటాలున్నాయి. వెయ్యేళ్ల కిందటి కళాకారుల జీతాల పట్టిక అది. కళ ఎలా నిలుస్తుంది అన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు నాకు మరే కట్టడంలోనూ దొరకలేదు.

అదే గుడి విమానం పై అంతస్తులో గర్భగుడి చుట్టూ నాట్యశాస్త్రపు కరణాలు శిల్పాలుగా ఉన్నాయి. మొత్తం 108 చెక్కాలని అనుకున్నారు. 81 మాత్రమే పూర్తయ్యాయి, మిగతా రాళ్లు చెక్కకుండా ఖాళీగా మిగిలిపోయాయి. శాసనం నాట్యకత్తెకు జీతం ఎంతో చెబుతుంది గానీ ఆమె ఎలా నిలబడిందో చెప్పదు. శిల్పం ఆమె భంగిమ చూపిస్తుంది గానీ ఆమె తిన్నదేమిటో చెప్పదు. రెండూ ఒకే గుడిలో దొరకడం మన అదృష్టం.

ఇక్కడ తెలుగువాళ్లు గుర్తు పెట్టుకోవలసిన చుట్టరికం ఒకటుంది. రాజరాజ చోళుడి కూతురు కుందవ్వ వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడి భార్య. వాళ్ల కొడుకే రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత మహాభారతం మొదలుపెట్టించినవాడు. ఆ నరేంద్రుడి కొడుకు 1070లో కులోత్తుంగ చోళుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. కాబట్టి గోదావరికీ కావేరికీ రాకపోకలు నాయక రాజులకు అయిదు వందల ఏళ్ల ముందే ఉన్నాయి. మన మొదటి కావ్యాన్ని అడిగిన రాజుకు తాతగారి ఊరు తంజావూరు.

గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవలో మరో సంగతి దాగి ఉంది. 1931లో అక్కడి గోడల మీద పెచ్చులూడిన చోట, పైనున్న నాయకుల కాలపు బొమ్మల కింద చోళుల కాలపు చిత్రాలు బయటపడ్డాయి. పదకొండో శతాబ్దపు బొమ్మ మీద పదిహేడో శతాబ్దపు వాళ్లు సున్నం పూసి తమ బొమ్మ వేసుకున్నారన్నమాట. కింది బొమ్మ చూడాలంటే పైదాన్ని గీకెయ్యాలి. పైదాన్ని ఉంచాలంటే కిందిది కనపడదు. భారత పురావస్తు శాఖవాళ్లు చాలా కాలం తర్వాత పై పొరను చెదరకుండా విడదీసి వేరే పలకల మీద నిలిపే పద్ధతి సాధించారు. అలా రెండు కాలాల చిత్రాలూ మిగిలాయి. మామూలుగా సందర్శకుల్ని ఆ నడవలోకి పంపరు. లోపలికి వెళ్లలేకపోయినా ఈ విషయం తెలిసి గుడి చూస్తే తంజావూరు స్వభావం అర్థమవుతుంది. ఆ ఊళ్లో ఏ రాజ్యమూ ఖాళీ గోడ మీద రాయలేదు. ముందరివాళ్లు వదిలిన దాని మీదే రాసింది.

ఆ పై పొర వేసినవాళ్లు ఎవరు? విజయనగరం పంపిన తెలుగు నాయకులు. 1532 ప్రాంతంలో సేవప్ప నాయకుడితో తంజావూరు నాయక రాజ్యం మొదలైంది. ఆయన తర్వాత అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకులు ఏలారు. 1673లో మధుర నాయకుడు చొక్కనాథుడి దండు మీద పడినప్పుడు విజయరాఘవుడు యుద్ధంలో చనిపోవడంతో ఆ వంశం పాలన ముగిసింది. ఈ నూట నలభై ఏళ్లలో తంజావూరు తెలుగు సాహిత్యానికి ముఖ్య పట్టణమైంది. చేమకూర వెంకటకవి విజయవిలాసాన్ని రఘునాథుడికి అంకితమిచ్చాడు. రఘునాథుడే స్వయంగా కవి. విజయరాఘవుడు యక్షగానాలు రాశాడు. ఆయన కొలువులోని రంగాజమ్మ మన్నారుదాస విలాసం రాసింది. ఆ కొలువులో ఆడవాళ్లు చదివి, రాసి, సభలో మెప్పు పొందారు. మన సాహిత్య చరిత్రల్లో ఆ విషయానికి దొరికిన చోటు చాలా తక్కువని నా అభిప్రాయం.

నాయకులు కట్టిన కోటలోని రాజభవనమే ఇప్పుడు మ్యూజియం. తర్వాత వచ్చిన మరాఠా రాజులు దానికి తమ గదులు, గోపురాలు చేర్చుకున్నారు. 1951లో అందులో కళాప్రదర్శనశాల పెట్టి, చుట్టుపక్కల ఊళ్ల గుళ్లలోంచీ పొలాల్లోంచీ దొరికిన రాతి, కంచు విగ్రహాలు చేర్చారు. వాటిలో తిరువెంకాడు నుంచి వచ్చిన వృషభవాహన శివుడు ఒకడు. 1011 నాటి చోళ కంచు విగ్రహం. తల మీద జడలే తలపాగాలా చుట్టుకున్న యువకుడు, ఒక కాలు అడ్డంగా వేసి, మోచెయ్యి దేనిమీదో ఆనించి నిలబడి ఉంటాడు. ఆనుకున్న ఎద్దు ఇప్పుడు లేదు. ఎద్దు లేకపోయినా ఆ ఒంపులో దాని ఎత్తు, దాని మీద ఆయనకున్న చనువు కనిపిస్తాయి.

ఇలాంటి విగ్రహం ముందు నిలబడినప్పుడు ముఖం చూశాక ఒకసారి పీఠం వైపు చూడండి. చోళుల ఉత్సవ విగ్రహాల పీఠాలకు కడియాలో, రంధ్రాలో ఉంటాయి. వాటిలోంచి కర్రలు దోపి విగ్రహాన్ని భుజాల మీద ఊరేగించేవారు. అంటే ఈ దేవుడు కదలడానికి తయారైనవాడు. పూలదండలూ పట్టుబట్టలూ కప్పితే ముఖం, చేతులు మాత్రమే బయటికి కనిపించేవి. ముందు వాద్యాలు నడిచేవి. ఇప్పటికీ తమిళనాట స్వామి గుడి బయటికి వచ్చేటప్పుడు నాదస్వరం మీద గంభీరనాటలో మల్లారి వాయిస్తారు, మాటల్లేని స్వరరచన అది. మ్యూజియంలో బట్టలు లేకుండా, సద్దు లేకుండా, కదలకుండా నిలబెట్టిన విగ్రహాన్ని శిల్పంగా చూడగలుగుతున్నాం. ఆ మేరకు మనకు లాభమే. దాన్ని ఎవరు మోశారు, ఏ పాట ముందు నడిచింది అనే భాగాన్ని మాత్రం మనమే కలుపుకోవాలి. వీలైతే అదే రోజు సాయంత్రం ఆ పక్క ఊరి గుళ్లో స్వామి ఊరేగింపు చూడమని నేను చెప్పేది అందుకే.

ఇక వీణ. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు అదే. కొంచెం ఓపికగా చదవండి.

వీణ దండి మీద పొడవునా రెండు గట్లుంటాయి. తేనెమైనం, బొగ్గుపొడి కలిపి చేసిన గట్లు అవి. వాటి మీద అడ్డంగా కంచు మెట్లు గుచ్చుతారు. మెట్టు ఎక్కడుంటే స్వరం అక్కడ పలుకుతుంది. పాత రోజుల్లో వీణలు రెండు రకాలని మన సంగీత గ్రంథాలు చెబుతాయి. ఒక రకంలో వాయించే రాగానికి కావలసిన స్వరాల దగ్గరే మెట్లుండేవి. రాగం మారితే మెట్లు జరపాలి. రెండో రకంలో అన్ని స్వరస్థానాలకూ మెట్లు కదలకుండా ఉండేవి, ఏ రాగమైనా వాయించుకోవచ్చు. ఈ రెండో పద్ధతి స్థిరపడింది తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో. స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలకు ఇరవై నాలుగు మెట్ల వీణ ఆయన పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలు నేర్చుకునే వీణ అదే: ఇరవై నాలుగు మెట్లు, వాయించడానికి నాలుగు తీగలు, పక్కన తాళానికి మూడు తీగలు.

మెట్లు కదలకపోతే ఏమవుతుంది? పన్నెండు స్వరస్థానాలు కళ్ల ముందు వరసగా పరిచినట్టు కనిపిస్తాయి. వాటితో ఎన్ని కూర్పులు సాధ్యమో లెక్క వెయ్యవచ్చు. రఘునాథుడి మంత్రి గోవింద దీక్షితులు సంగీత పండితుడు. ఆయన కొడుకు వేంకటమఖి విజయరాఘవుడి కాలంలో చతుర్దండిప్రకాశిక అనే సంస్కృత గ్రంథం రాసి ఆ లెక్క తేల్చాడు. షడ్జం, పంచమం మారవు. రిషభ గాంధారాల జతలు ఆరు రకాలుగా వస్తాయి. ధైవత నిషాదాల జతలూ ఆరు రకాలే. ఆరును ఆరుతో గుణిస్తే ముప్పై ఆరు. మధ్యమం రెండు రకాలు కాబట్టి మొత్తం డెబ్బై రెండు. ఇవే 72 మేళకర్తలు. తన కాలంలో వాడుకలో ఉన్న మేళాలు పందొమ్మిదే అని ఆయనే చెప్పాడు. మిగిలినవన్నీ ఇంకా ఎవరూ పాడని రాగాలకు ముందే వేసిన పీటలు. తర్వాతి తరాల్లో ఈ పథకం కొంత మారి ఇంకో గ్రంథం ద్వారా స్థిరపడింది. త్యాగరాజు లాంటి వాగ్గేయకారులు అంతకుముందు అరుదుగా వినిపించిన, అసలు వినిపించని రాగాల్లో కృతులు చేసి ఆ పీటల్లో చాలా వాటి మీద కూర్చున్నారు.

వడ్రంగి దండి మీద మెట్టు బిగించడానికీ, పండితుడు డెబ్బై రెండు అని లెక్క కట్టడానికీ, వాగ్గేయకారుడు కొత్త రాగంలో కృతి కట్టడానికీ మధ్య ఇలాంటి లంకె ఉందని నేను నమ్ముతున్నాను. సంగీత చరిత్ర చెప్పేటప్పుడు పండితుడి పేరు, వాగ్గేయకారుడి పేరు చెబుతాం. మెట్టు బిగించినవాడి పేరు ఏ గ్రంథంలోనూ ఉండదు. అతని పనితనం మాత్రం ప్రతి వీణ మీదా కనిపిస్తుంది.

అతని పనితనం గురించి ఇంకో మాట. స్థాయికి మెట్లు పన్నెండే అయితే మన గమకాలు ఎలా పలుకుతాయి? మెట్టు వెడల్పుగా ఉండడంలోనే కిటుకు ఉంది. వేలితో తీగను మెట్టు వెంబడి పక్కకు లాగితే ఒకే మెట్టు మీద పై స్వరాలు, వాటి మధ్యనున్న సూక్ష్మస్వరాలు పలుకుతాయి. లెక్కకు స్థిరమైన పన్నెండు స్థానాలు, పాటకు స్థిరం కాని ఊగు, ఈ రెండూ ఒకే వాద్యంలో ఇమిడాయి. మెట్లు మైనంలో ఉండడం వల్ల శ్రుతి చెడితే మైనం తీసి మళ్లీ మేళం కట్టవచ్చు. నాలుగు వందల ఏళ్లుగా ఈ ఏర్పాటును మార్చవలసిన అవసరం ఎవరికీ పెద్దగా రాలేదు.

తంజావూరు వీణను పనస కర్రతో చేస్తారు. కుండ, దండి, చివర యాళి ముఖం విడిగా చెక్కి అతికించే పద్ధతి ఒకటి. ఒకే దుంగలోంచి తొలిచి తీసే ఏకాండి వీణ మరొకటి. మన విజయనగరం జిల్లాలో బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఇప్పటికీ పనస దుంగ నుంచి ఏకాండి వీణలు చెక్కే కుటుంబాలున్నాయి. బొబ్బిలి వీణకూ తంజావూరు వీణకూ రెండిటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. మ్యూజియం అద్దాల వెనక ఉన్న వీణను చూసినవాళ్లు గొల్లపల్లిలో ఉలి కింద రూపుదిద్దుకుంటున్న వీణనూ చూడాలి. అప్పుడే కుండ మందం ఎంత ఉంటే నాదం ఎంత నిలుస్తుందో చెప్పే చెయ్యి ఎలా పని చేస్తుందో తెలుస్తుంది.

నాయకుల తర్వాత తంజావూరు శివాజీ మహారాజు సవతి తమ్ముడు ఏకోజీ చేతికి వచ్చింది. 1676 నాటికి అక్కడ మరాఠా పాలన స్థిరపడింది. మాతృభాష మరాఠీ అయిన రాజులు వచ్చారు కాబట్టి తెలుగు అంతటితో ఆగిపోవలసింది. ఆగలేదు. ఏకోజీ కొడుకు శాహజీ స్వయంగా తెలుగులో పల్లకీసేవా ప్రబంధం రాశాడు. ఆ వంశపు రాజే అయిన తుళజ సంగీత సారామృతం అనే సంస్కృత గ్రంథం రాశాడు. వాళ్ల తర్వాత ఏలిన ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని తెలుగులో రాధికాసాంత్వనం రాసింది. ఎందుకిలా? అప్పటికి ఆ సీమలో పాట, ఆట నేర్చినవాళ్ల చేతిలో ఉన్న సరుకంతా తెలుగులో ఉంది. కొలువు నడపాలంటే రాజు కూడా ఆ భాషకే రావాలి. త్యాగరాజు నాటికి తెలుగు పాలకుల భాష స్థానం దాటి సంగీతపు వృత్తి భాష అయిపోయింది. మొదట్లో వేసిన ప్రశ్నకు నా జవాబు ఇదే.

దీనికి సాక్ష్యం సరస్వతీ మహల్ గ్రంథాలయం. నాయకుల కాలంలో మొదలైన ఈ భాండాగారాన్ని 1798 నుంచి 1832 దాకా ఉన్న రెండో శరభోజీ ఎంతో పెంచాడు. రాజ్యాధికారం ఆయన చేతిలో లేదు. 1799 ఒప్పందంతోనే పాలన ఇంగ్లీషు కంపెనీకి పోయింది. మిగిలిన సొమ్ము, శ్రద్ధ పుస్తకాల మీద పెట్టాడు. కాశీయాత్రకు వెళ్లి అక్కడినుంచి కూడా గ్రంథాలు తెప్పించాడు. సంస్కృతం, తమిళం, మరాఠీ, తెలుగు రాతప్రతులు, వైద్య గ్రంథాలు, ఐరోపా ముద్రిత పుస్తకాలు, పటాలు, బొమ్మలు ఒకచోట చేరాయి. 1855లో చివరి రాజు మగబిడ్డ లేకుండా పోవడంతో కంపెనీ సంస్థానాన్ని కలిపేసుకుంది. బర్నెల్ అనే ఇంగ్లీషు అధికారి చేసిన సంస్కృత రాతప్రతుల పట్టిక 1880లో అచ్చయింది. 1918లో గ్రంథాలయం ప్రజలకు తెరిచారు. నాయక, మరాఠా కాలాల యక్షగానాలు, పదాలు, రాగలక్షణ గ్రంథాలు చాలా వరకు ఈ గదుల్లోని తాటాకుల వల్లే మనకు మిగిలాయి.

తాటాకులో ఉండడం ఒక ఎత్తు, జనం నోట్లో ఉండడం ఇంకో ఎత్తు. ముద్దుపళని కావ్యం సంగతే తీసుకోండి. ఒక ఆడది, అందులోనూ వేశ్యాకులంలో పుట్టిన ఆడది శృంగారం రాసిందని పందొమ్మిదో శతాబ్దపు పండితులు ముఖం చిట్లించారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని వెతికి పట్టుకుని, సరిచూసి, 1910లో వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించింది. మరుసటి ఏడే ప్రభుత్వం అది బూతని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు ఆ నిషేధం పోయింది. అదే నాగరత్నమ్మ 1920లలో తన సంపాదన పెట్టి తిరువైయారులో శిథిలంగా ఉన్న త్యాగరాజు సమాధికి గుడి కట్టించింది. అప్పట్లో అక్కడి ఆరాధనలో ఆడవాళ్లకు పాడే హక్కు లేదు. దానికోసం పోరాడి సాధించింది. తంజావూరులో పుట్టిన తెలుగు కావ్యాన్నీ, తంజావూరు సీమ తెలుగు పాటనూ ఇద్దరు పిల్లల్లా చూసుకున్న మనిషి ఆమె. ఆమె సమాధి త్యాగరాజు సమాధికి ఎదురుగానే ఉంది. తిరువైయారు వెళ్లిన ప్రతి తెలుగువాడూ అక్కడ కూడా ఒక దండం పెట్టాలి.

శరభోజీ కొలువు నాట్యానికి ఇచ్చింది కూడా తక్కువేమీ కాదు. చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు అన్నదమ్ములు అలరింపు నుంచి తిల్లానా దాకా ఈనాటి భరతనాట్య కచేరీ వరసను స్థిరపరిచారు. వాళ్లు తమిళులు, వాళ్ల వర్ణాల్లో చాలా వాటి సాహిత్యం తెలుగు. వాళ్లలో వడివేలు వయొలిన్‌లో ఆరితేరాడు, తిరువనంతపురం వెళ్లి అక్కడి రాజు స్వాతి తిరునాళ్ మన్నన పొందాడు. ఐరోపా నుంచి వచ్చిన ఆ వాద్యాన్ని మనవాళ్లు నేల మీద కూర్చుని, దాని తలను పాదం మీద ఆనించి పట్టుకోవడం నేర్చుకున్నారు. ఆ చిన్న మార్పుతో ఎడమచెయ్యికి బరువు తగ్గింది, వేళ్లు తీగ మీద జారడానికి వీలైంది, గమకం పలికింది.

బొమ్మలూ బట్టలూ కూడా కొలువు పోషణ కథే చెబుతాయి. రంగురాళ్లు, బంగారు రేకులు పొదిగే తంజావూరు చిత్రాలను వేసిన పనివాళ్లలో రాజులనే తెలుగు కులంవాళ్లు ముఖ్యులు. కొడాలి కరుప్పూరులో జరీ కలిపి నేసిన నూలుబట్ట మీద మైనం అద్ది, రంగు వేసి మరాఠా రాణులకు చీరలు తయారు చేసేవారు. కొలువు పోవడంతో ఆ పనీ పోయింది. ఇప్పుడు కరుప్పూరు గుడ్డ చూడాలంటే లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ లాంటి మ్యూజియాలకు వెళ్లాలి. అద్దకం చేసే చెయ్యికి తిండి పెట్టేవాళ్లు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి అదొక్కటే చాలు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ తంజావూరుకి దగ్గర్లోనే ఉంది. అచ్యుతప్ప నాయకుడు ఐదు వందలకు పైగా బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్లూ పొలాలూ ఇచ్చి ఒక అగ్రహారం ఏర్పరచాడని చెబుతారు. అదే మేలట్టూరు. తర్వాతి కాలంలో అక్కడి వెంకటరామశాస్త్రి ప్రహ్లాద చరిత్రం వంటి నాటకాలు తెలుగులో రాశాడు. వాటిని భాగవత మేళం పేరుతో గుడి ముందు, రాత్రంతా, మగవాళ్లే ఆడవేషాలు కూడా కట్టి ఆడతారు. నృసింహ జయంతి రాత్రి ప్రహ్లాద చరిత్రం. నరసింహుడి ముఖాన్ని గుళ్లో పెట్టి పూజ చేసి, తర్వాతే వేషధారి దాన్ని కట్టుకుంటాడు. ఆడేవాళ్లలో పలువురికి ఇంట్లో మాట తమిళమే. ఏడాదంతా ఇతర ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుని ఆ రోజుకు వచ్చి తెలుగు దరువులు పాడతారు. పొలం ఇచ్చిన రాజ్యం పోయి మూడు వందల యాభై ఏళ్లయింది. వంశానికీ గుడికీ మధ్య ఉన్న ఆ మొక్కు మాత్రం ఇంకా నడుస్తోంది. కూచిపూడి తెలిసినవాళ్లు ఒకసారి అక్కడ కూర్చుంటే తమ ఇంటి బంధువును కలిసినట్టుంటుంది.

ఇదంతా చదివి తెలుగు గొప్పతనమని చాటుకుంటే మాత్రం తంజావూరును మనం సరిగా చదవనట్టే. గోవింద దీక్షితులు కన్నడిగుడు. గుడి కట్టిన చోళులు, నాట్యాన్ని తీర్చిదిద్దిన నట్టువనారులు తమిళులు. పుస్తకాలు కాపాడిన రాజు మరాఠీవాడు. మన ఊళ్లో మాకు అర్థమయ్యే పాట కచేరీలో ఎందుకు లేదని తమిళ శ్రోతలు 1940లలో తమిళ ఇసై ఉద్యమం నడిపారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తమ భాష కాని పాటను ఇన్ని తరాలు నేర్చుకుని, తమ పిల్లలకు నేర్పి, మనకు దక్కించిన ఆ జనానికి మనం రుణపడి ఉన్నాం. ఆ రుణం ఎంతటిదో తెలియాలంటే ఇంకో పుస్తకం చూడాలి. కర్ణాటక సంగీతానికి పెద్దబాలశిక్ష వంటి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో అచ్చయింది. సుబ్బరామ దీక్షితులు దాన్ని తెలుగు లిపిలో, తెలుగు భాషలో రాశాడు. అచ్చయింది తమిళనాడు దక్షిణ భాగాన ఉన్న ఎట్టయపురంలో.

అంత పెద్ద పుస్తకం మన లిపిలో ఉండగా దాన్ని చదవగలిగిన తెలుగు విద్యార్థులు ఎందరున్నారు? రెండు తెలుగు రాష్ట్రాల సంగీత కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఇది. మూడో ఏటి విద్యార్థుల్ని ఒక్కసారి తంజావూరు తీసుకెళ్లండి. వీణ నేర్చేవాళ్లకు గొల్లపల్లిలో మెట్లు బిగించడం చూపించండి. సరస్వతీ మహల్‌లోని తెలుగు రాతప్రతుల్లో ఇంకా పరిష్కరించవలసిన వాటికి మన విశ్వవిద్యాలయాలు పరిశోధకుల్ని పంపాలి, అచ్చు ఖర్చు భరించాలి.

మీరు సొంతంగా వెళ్లేటట్టయితే పుష్య బహుళ పంచమికి తిరువైయారు ఆరాధన, వైశాఖ శుద్ధ చతుర్దశికి మేలట్టూరు నృసింహ జయంతి వస్తాయి. మొదటిదానికి జనం ఎక్కువ, బస ముందే చూసుకోవాలి. రెండోదానికి మీరు వెళ్తే ఆ ఊరివాళ్లు సంతోషిస్తారు. వాళ్లు ఆడే నాటకంలోని ప్రతి మాటా మీకు అర్థమవుతుంది కనుక.